స్వెట్టరుకు ఏ నూలు? రెండు పోగులు కలిపితే ఏమవుతుంది?

మన దగ్గర అల్లిక సూదుల మీదికి ఎక్కేది ఏదైనా ఊలే. కొట్టుకెళ్లి "ఊలు ఇవ్వండి" అని అడిగి, చేతికిచ్చిన ఉండ మీది కాగితప్పట్టీ తిప్పి చూస్తే చాలాసార్లు వంద శాతం యాక్రిలిక్ అని ఉంటుంది, అంటే దానికీ గొర్రెకూ ఏ చుట్టరికమూ లేదు, పెట్రోలియం నుంచి తీసిన పోగు అది. యాక్రిలిక్ పనికిరాదని నేననను, దాని చోటు దానికుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. చిక్కల్లా ఏంటంటే ఉన్ని, పత్తి, యాక్రిలిక్, మేక బొచ్చు, పట్టు అన్నిటినీ మనం ఒకే పేరుతో పిలుస్తాం, కొట్లో అవన్నీ ఒకే అరలో రంగురంగులుగా కూర్చుని ఉంటాయి, చేత్తో నొక్కి చూసి మెత్తగా ఉన్నదాన్ని కొనేస్తాం. ఆ మెత్తదనం ఉండలో ఉన్నప్పటిది. స్వెట్టరై, ఒకసారి నీళ్లలో మునిగి, ఆరి, తన బరువు తనే మోసుకుంటూ ఒంటి మీద వేలాడినప్పుడు అదే నూలు ఎలా ఉంటుందన్నది వేరే సంగతి. కొనేటప్పుడు ఆలోచించాల్సింది దాని గురించే.

మా నాన్నకు నేను మొదట అల్లిన స్వెట్టరు కాటన్‌ది. మాది హనుమకొండ. అక్కడ చలి అంటే తెల్లారుజామున నడకకు వెళ్లే గంటా రెండు గంటల చలి, దానికి ఉన్ని ఎందుకు, కాటనైతే ఒంటికి హాయి అనుకున్నాను. కొలతలు సరిగ్గా తీసుకున్నాను, కుట్లు లెక్కపెట్టుకున్నాను, నెలన్నర కూర్చున్నాను. తొడిగి చూస్తే అతికినట్టు సరిపోయింది. మొదటిసారి ఉతికి దండెం మీద వేశాను, సాయంత్రానికి బెత్తెడు పొడుగు పెరిగింది, చేతులు వేళ్లు దాటిపోయాయి. నాన్న ఏమీ అనలేదు, మణికట్టు దగ్గర రెండేసి మడతలు పెట్టుకుని చలికాలమంతా దాన్నే వేసుకున్నారు, ఆ మడతలు చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తూకం వేస్తే తెలిసింది. ఆ కాటన్ 50 గ్రాముల ఉండకు 85 మీటర్లు. నాన్న కొలతకు సుమారు 1,150 మీటర్లు కావాలి, అంటే 14 ఉండలు, 700 గ్రాములు. అదే మందంలో ఉన్ని నూలైతే 50 గ్రాములకు 120 మీటర్లు వచ్చేది, 10 ఉండల్లో, అంటే 500 గ్రాముల్లో అయిపోయేది. పైగా తడిసిన కాటన్ నీళ్లన్నీ పట్టుకుని ఇంకా బరువెక్కుతుంది. ఆ బరువంతా భుజాల దగ్గరి కుట్ల మీద పడుతుంది. ఉన్ని పోగుకు పుట్టుకతో వచ్చిన వంకీలు ఉంటాయి, స్ప్రింగులా లాగితే సాగి వదిలితే మళ్లీ దగ్గరికొస్తుంది. పత్తి పోగుకు ఆ వంకీ లేదు, సాగిన కుట్టు సాగినట్టే ఉండిపోతుంది. దండెం మీద వెయ్యకుండా నేల మీద పరిచి ఆరబెట్టి ఉంటే నష్టం కొంత తగ్గేది గానీ, వేసుకుని తిరుగుతున్నప్పుడు కూడా అది మెల్లగా దిగుతూనే ఉండేది.

కాబట్టి మొదటి ప్రశ్న: ఈ పోగు సాగి వెనక్కొస్తుందా, సాగి ఉండిపోతుందా? ఉన్ని వెనక్కొస్తుంది. పత్తి, పట్టు రావు. అల్పాకా అని పెరూ నుంచి వచ్చే నూలు ఒకటుంది, ఉన్ని కంటే వెచ్చన, తాకితే వదలబుద్ధి కాదు, కానీ దానికి వంకీలు తక్కువ, జారుడు ఎక్కువ, అచ్చంగా అల్పాకాతోనే పొడుగు స్వెట్టరు అల్లితే అదీ మా నాన్న కాటన్ స్వెట్టరు దారే పడుతుంది. యాక్రిలిక్ కొంత వెనక్కొస్తుంది, తేలిగ్గా ఉంటుంది, మెషిన్లో వేసినా ఏమీ కాదు, చవక. కానీ చెమటను పీల్చదు, అందుకే దాంతో బస్సెక్కితే లోపల జిగటగా ఉంటుంది. వేడి ఇస్త్రీ పెట్టె తగిలితే ఆ చోట కుట్టు ప్రాణం పోయినట్టు జారిపోతుంది, మళ్లీ రాదు. ఉన్ని అయితే తన బరువులో 30 శాతం దాకా తేమను లోపలికి తీసుకుని కూడా తడిగా అనిపించదు.

ఇక గుచ్చుకోవడం. "నాకు ఉన్ని పడదు, ఎలర్జీ" అనేవాళ్లు మన వైపు చాలామంది, ఎందుకంటే మనలో ఎక్కువమందికి ఉన్ని అంటే తెలిసింది గొంగడి. మా తాతకు ఒక గొంగడి ఉండేది, నల్లది, వానలో కప్పుకుంటే నీళ్లు పైనుంచే జారిపోయేవి. దాని మీద పడుకుంటే మాత్రం మెడంతా మంట. అది దక్కనీ గొర్రె బొచ్చు, ముతక. బొచ్చు మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. 30 మైక్రాన్లు దాటిన పోగు కొస ఒంటికి తగిలినప్పుడు వంగిపోకుండా నిలబడి పొడుస్తుంది, చర్మం కింద ఉన్న నరాల కొసలకు ఆ పోటు తెలుస్తుంది. నూలులో అలాంటి ముతక పోగులు నూటికి ఐదు ఉన్నా చాలు, మొత్తం గుచ్చుకున్నట్టే అనిపిస్తుంది. మెరీనో గొర్రె ఉన్ని 24 మైక్రాన్ల లోపు, మేలు రకాలు 18, 19. లద్దాఖ్ చాంగ్‌తాంగ్ మేకల అడుగు బొచ్చు, అంటే పశ్మీనా, ఇంకా సన్నం. ఉన్ని పడదనుకునే చాలామందికి పడనిది ముతక పోగు. మెరీనో ఉండ ఒకటి తీసుకుని అరచేతిలో కాదు, గొంతు కింద పెట్టి రెండు నిమిషాలు ఉంచి చూడండి, అరచేతికి తెలియనిది మెడకు తెలుస్తుంది.

అలాగని అతి మెత్తన కూడా మంచిది కాదు. ఎంత సన్నని, ఎంత పొట్టి పోగైతే అంత తొందరగా చంకల కింద, మోచేతుల దగ్గర ఉండలు కడుతుంది. ఇక్కడే పురి సంగతి వస్తుంది. ఉండలోంచి ఒక జానెడు పోగు తెంపి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టుకుని పురి తిరిగిన వైపుకు ఎదురుగా తిప్పండి. పోగు విడిపోయి లోపల ఎన్ని పేటలున్నాయో కనిపిస్తుంది. ఒక్క పేటే ఉండి, కాస్త తిప్పగానే దూదిలా ఊడొచ్చేస్తే అది చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా రోజూ వేసుకునే స్వెట్టరుకు వద్దు, శాలువాకు వాడుకోండి. రెండు పేటల నూలు కాస్త చదునుగా పడుతుంది, రంధ్రాల డిజైన్లకు బాగుంటుంది. మూడు, నాలుగు పేటలు గట్టిగా పేనిన నూలు గుండ్రంగా ఉంటుంది, జడలాంటి కేబుల్ డిజైను దాంట్లోనే ఉబ్బి కనిపిస్తుంది, అరుగుదలకూ అదే ఆగుతుంది.

బొచ్చును దువ్వి పోగులన్నీ ఒకే దిక్కుకు పెట్టి వడికితే నూలు నున్నగా, గట్టిగా, బరువుగా వస్తుంది. దువ్వకుండా, ఏకి, పోగులు అడ్డదిడ్డంగా ఉండగానే వడికితే నూలులో గాలి నిండి తేలిగ్గా, నూగుగా వస్తుంది. వెచ్చదనమంటే ఆ చిక్కుకున్న గాలే. అందుకే రెండో రకం నూలు తక్కువ బరువులో ఎక్కువ వెచ్చదనం ఇస్తుంది, కాకపోతే లాగితే తొందరగా తెగుతుంది.

పట్టీ మీద రాసి ఉండే "4 ప్లై", "8 ప్లై" చూసి చాలామంది అన్ని పేటలున్నాయి అనుకుంటారు. అది పాత బ్రిటిష్ లెక్క, ఇప్పుడు అది మందానికి పేరు మాత్రమే, 8 ప్లై అని రాసిన దాంట్లో పేటలు నాలుగే ఉండొచ్చు, రెండే ఉండొచ్చు. నమ్మాల్సిన సంఖ్య ఒక్కటే, వంద గ్రాములకు ఎన్ని మీటర్లు అనేది. మన నేతవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తే ఆ నూలుకు అంత నంబరు, 40 నంబరు కంటే 80 నంబరు సన్నం. అల్లిక నూలూ అంతే, మీటర్లు పెరిగే కొద్దీ సన్నం. వంద గ్రాములకు 400 మీటర్లు అంటే సన్నది, మనం 10 నంబరు సూదితో, అంటే 3.25 మిల్లీమీటర్లతో అల్లేది. 200 నుంచి 250 మీటర్లు అంటే స్వెట్టర్లకు అందరూ వాడే మధ్యరకం, దానికి 8 నంబరు, అంటే 4 మిల్లీమీటర్ల సూది. 100 మీటర్లే వస్తే అది లావుపాటిది, రెండు వారాల్లో స్వెట్టరు అయిపోతుంది గానీ హైదరాబాదులో దాన్ని వేసుకునే రోజు రాదు. కొనేటప్పుడు కూడా గ్రాముల లెక్కన కొనకండి, మీటర్ల లెక్కన కొనండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఏ ఒక్క నూలులోనూ అన్ని గుణాలూ ఉండవు. సాగి వెనక్కొచ్చేది మెరవదు, మెరిసేది జారిపోతుంది, మెత్తనిది ఉండలు కడుతుంది, గట్టిది గుచ్చుకుంటుంది. రెండు పోగులు కలిపి పట్టుకుని అల్లడం అందుకే, ఒకదానికి లేనిది ఇంకొకటి ఇస్తుందని. అందం కోసం కలిపితే అందం వస్తుంది, నిజమే, కానీ ఏ లోటు పూడ్చడానికి కలుపుతున్నామో ముందే తెలిస్తే స్వెట్టరు పదేళ్లు నిలుస్తుంది.

కలిపితే మందం ఎంతవుతుందో కంటితో ఊహించకండి, లెక్క చాలా సులువు. ఒక్కో నూలు వంద మీటర్లు ఎంత తూగుతుందో చూసి రెండూ కూడండి. నాన్న రెండో స్వెట్టరే చెబుతాను. ఆ ఏడు అమ్మా నాన్నా తమ్ముడి దగ్గరికి చికాగో వెళ్తున్నారు, అక్కడి జనవరికి హనుమకొండ స్వెట్టరు ఏ మూలకి? వంద గ్రాములకు 400 మీటర్లు వచ్చే సన్న ఉన్ని ఒకటి తీసుకున్నాను, అంటే వంద మీటర్లు 25 గ్రాములు. దాంతో పాటు 25 గ్రాములకు 210 మీటర్లు వచ్చే మొహైర్, లోపల సన్నని పట్టు పోగు, దాని చుట్టూ అంగోరా మేక పిల్లల బొచ్చు నూగులా ఉండేది. అది వంద మీటర్లు 12 గ్రాములు. రెండూ కలిపితే వంద మీటర్లకు 37 గ్రాములు, అంటే వంద గ్రాములకు 270 మీటర్లు. లెక్క ప్రకారం ఇది మధ్యరకం కంటే కాస్త సన్నం. కానీ మొహైర్ నూగు కుట్ల మధ్య ఖాళీల్లోకి పాకి నింపేస్తుంది కాబట్టి 4 మిల్లీమీటర్ల సూదితో వదులుగా అల్లినా బట్టలో కన్నాలు కనపడవు, 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చాయి. ఆ నూగులో నిలిచిన గాలే వెచ్చదనం. ఉన్ని సాగి వెనక్కొచ్చే పని చూసుకుంటుంది, పట్టు పోగు బలం ఇస్తుంది. మూడు 100 గ్రాముల చిలపలు, ఆరు మొహైర్ ఉండలు కొన్నాను, అల్లినదాంట్లో పడింది 425 గ్రాములు.

కాలరు దగ్గర మాత్రం మొహైర్ ఆపేశాను. ఎంత పిల్ల మేక బొచ్చైనా మెడ మీద దురద పెడుతుంది, నాన్న అసలే గుండీ పెట్టుకోవడానికి కూడా ఇష్టపడని మనిషి. కాలరు మొత్తం సన్న మెరీనో రెండు పోగులుగా పట్టుకుని రిబ్బు, అంటే సాగే గాడీల అల్లిక, అల్లాను. రెండు 400లు కలిస్తే 200 మీటర్ల మందం, మిగతా స్వెట్టరు కంటే కాస్త మందమే, కాలరు నిలబడ్డానికి ఆ మందం పనికొచ్చింది.

పోగులు కలిపే అలవాటు బాగా ముదిరిన దేశం ఐస్‌లాండ్. అక్కడి గొర్రెకు బొచ్చు రెండు పొరలు, పైది పొడుగ్గా ముతకగా నీళ్లను జార్చేది, దాన్ని తోగ్ అంటారు, లోపలిది మెత్తగా గాలిని పట్టేది, దాని పేరు థెల్. రెండూ కలిపే వాడతారు. వాళ్ల దగ్గర ప్లోటులోపి అని అసలు వడకని నూలు ఒకటుంది, పురే లేదు, చేత్తో లాగితే విడిపోతుంది, వంద గ్రాములకు 300 మీటర్లు. ఒక్క పోగుగా దాంతో స్వెట్టరు అల్లడం కష్టం. రెండు పోగులు కలిపి పట్టుకుని అల్లితే కుట్టు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడుతుంది, గాలి ఆగే స్వెట్టరవుతుంది. ఇంకా చలైతే మూడు పోగులు. ఒకటే నూలు కొనుక్కుని ఇంట్లోనే దానికి కావలసిన మందం ఇచ్చుకుంటారన్నమాట, ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

కలపకూడనివి కూడా ఉన్నాయి, అవి తెలియకే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వేడి నీళ్లలో రుద్దితే అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుని బట్ట కుంచించుకుపోయి కంబళిలా గట్టిపడుతుంది. మెషిన్లో ఉతకొచ్చు అని రాసి ఉండే సూపర్‌వాష్ ఉన్నికి ఆ పొలుసుల్ని క్లోరిన్‌తో అణిచి పైన సన్నని ప్లాస్టిక్ పూత వేస్తారు. అది కుంచించుకుపోదు, సరికదా తడిస్తే సాగుతుంది. ఈ రెండు రకాల ఉన్నీ ఒకే స్వెట్టరులో చారలుగా అల్లారనుకోండి, ఎప్పుడో ఒకరోజు ఇంట్లో ఎవరో పొరపాటున మెషిన్లో వేస్తారు, ఒక చార ముడుచుకుపోతుంది, పక్క చార ఉబ్బిపోతుంది. దాన్ని బాగుచేసే దారి లేదు. కలిపే రెండు నూళ్లూ ఒకే ఉతుకుడు తట్టుకునేవై ఉండాలి, లేదా ఎక్కువ సుకుమారమైన దాని లెక్కనే మొత్తం ఉతకాలి. యాక్రిలిక్‌నూ మామూలు ఉన్నినీ కలిపినా ఇదే గొడవ.

సాగే గుణంలో మరీ తేడా ఉన్నవి కలిపి పట్టుకుంటే ఇంకో ఇబ్బంది, సాగే పోగు వెనక్కి లాక్కుంటుంది, సాగనిది బయటికి చిన్న చిన్న వంకరలుగా పొడుచుకొస్తుంది. లావు కాటన్‌తో సన్న ఉన్ని కలిపితే అలాగే అయింది నాకు. సన్న కాటన్‌తో సమాన మందం ఉన్ని కలిపితే మాత్రం బాగుంటుంది, మన ఊళ్ల చలికి అది నిజంగా సరిపోయే జత, చెమట పీలుస్తుంది, కాటన్‌లా వేలాడదు. అల్పాకాతో ఉన్ని కలపడం కూడా అంతే మంచిది. మెరీనో మోచేతుల దగ్గర అరిగిపోతుందని భయముంటే అక్కడ సన్న నైలాన్ పోగు ఒకటి కలిపి అల్లండి, సాక్స్ నూలులో 25 శాతం దాకా నైలాన్ కలిపేది ఆ బలం కోసమే. రెండు పోగుల్నీ ముందే కలిపి ఒకే ఉండ చుట్టకండి, ఒకటి బిగిసి ఒకటి వదులై సగంలో చిక్కుపడుతుంది. రెండు ఉండలూ రెండు గిన్నెల్లో పెట్టుకుని అల్లండి.

ఒకే వరసలో రెండు రంగులు మార్చి మార్చి అల్లే డిజైన్లకు కలపడం వేరే రకం. స్కాట్లాండ్‌కు చెందిన షెట్లాండ్ దీవుల్లో, ముఖ్యంగా ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవి పేరు మీద వచ్చిన అల్లికలో ఇదే పద్ధతి. అక్కడి ఉన్ని కాస్త గరుకు, కుట్లు పక్క కుట్లను పట్టుకుని వదలవు, ఎంతగా అంటే ముందు స్వెట్టరును గొట్టంలా అల్లేసి, తర్వాత ముందుభాగం మధ్యలో కత్తెరతో నిలువుగా కోసి గుండీల స్వెట్టరు చేస్తారు, కుట్లు ఊడిపోవు. అదే డిజైను నున్నటి సూపర్‌వాష్ మెరీనోతో అల్లి, అంచులు కుట్టకుండా కత్తెర పెడితే కళ్లముందే జారిపోతుంది. ఇలాంటి పనికి రెండు రంగుల నూలూ ఒకే మందం, ఒకే రకం ఉండాలి. రంగులు ఎంచుకునేటప్పుడు ఉండలన్నీ పక్కపక్కన పెట్టి ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఎరుపూ ఆకుపచ్చా కంటికి ఎంత వేరుగా ఉన్నా ఆ ఫొటోలో ఒకే బూడిద రంగులో కనిపిస్తే, అల్లాక దూరం నుంచి డిజైను మసకబారిపోతుంది. రెండు రంగులు కలిపి పట్టుకునేటప్పుడు లెక్క తలకిందులు. దగ్గరి రంగులైతే ఒక లోతైన కొత్త రంగు వస్తుంది, దూరపు రంగులైతే చుక్కలు చల్లినట్టు ఉంటుంది.

ముదురు ఎరుపు, నీలం వాడుతుంటే ఒక పోగు తడిపి తెల్లబట్టలో చుట్టి రాత్రంతా ఉంచండి, రంగు దిగితే తెల్లారేసరికి తెలుస్తుంది. ఉండ మీద రంగు పేరుతో పాటు లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పేది, ఉంటుంది, అన్ని ఉండలకూ అది ఒకటేనా చూసుకోండి. ఒకే నంబరువి దొరక్కపోతే రెండు ఉండల్ని రెండేసి వరసలు మార్చుకుంటూ అల్లితే తేడా కలిసిపోతుంది.

కొట్టువాళ్లు ఉన్ని అని ఇచ్చింది ఉన్నేనా అని అనుమానమొస్తే రెండంగుళాల పోగు స్టీలు పళ్లెం మీద పెట్టి పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి, పక్కన నీళ్లు పెట్టుకోండి. ఉన్ని వెంట్రుకలు కాలిన వాసనేస్తుంది, మంట తీస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పత్తి కాగితంలా కాలుతుంది. యాక్రిలిక్ కరిగి, నల్లటి పొగ వదిలి, చివర గట్టి పూసలా మిగులుతుంది. ఈ పూసను చూశాకే పొయ్యి దగ్గర తిరిగేవాళ్లకు యాక్రిలిక్ అల్లడం మానేశాను. చంటిపిల్లలకైతే మెత్తటి సూపర్‌వాష్ మెరీనో మేలు, రోజుకు రెండుసార్లు ఉతకాలి కదా. ఖరీదు ఎక్కువనుకుంటే మెత్తటి యాక్రిలిక్ తప్పేం కాదు. మొహైర్, కుందేలు బొచ్చు నూలు మాత్రం పిల్లలకు వద్దే వద్దు, ఆ నూగు ఊడి నోట్లోకి, ముక్కులోకి పోతుంది.

ఇన్ని చెప్పినా, రెండు నూళ్లు కలిస్తే ఏమవుతుందో చివరికి చెప్పేది శాంపిల్ ముక్కే. 15 సెంటీమీటర్ల చదరం అల్లండి, అంచుల దగ్గర కుట్లు నిజం చెప్పవు కాబట్టి మధ్యలోని 10 సెంటీమీటర్లే కొలవండి. కొలిచింది రాసుకుని, స్వెట్టరును ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, పరిచి ఆరబెట్టి, మళ్లీ కొలవండి. నాన్న స్వెట్టరు చుట్టుకొలత 108 సెంటీమీటర్లు, 22 కుట్ల లెక్కన 238 కుట్లు. ఉతికాక ఆ 22 కాస్తా 20 అయితే అదే స్వెట్టరు 119 సెంటీమీటర్లవుతుంది, రెండంటే రెండు కుట్ల తేడాకి 11 సెంటీమీటర్లు. కొలిచాక ముక్క కింది అంచుకు రెండు మూడు బట్టల క్లిప్పులు తగిలించి ఒక రోజు గోడకు వేలాడదీయండి. దిగే నూలైతే అక్కడే దిగుతుంది, 700 గ్రాముల స్వెట్టరు అల్లేదాకా ఆగక్కర్లేదు.

చికాగో వెళ్లేముందు నాన్న రెండో స్వెట్టరు వెనక భాగం పొడుగు 66 సెంటీమీటర్లు. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు టేపు పెట్టి చూశాను, నాలుగు చలికాలాలయ్యాయి, 66 దగ్గరే ఉంది. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి, మడతలు లేవు.